తాత పడవకు నేను చేసిన బండి

ఒంటరితనం మనిషి చేత కవిత్వం రాయిస్తుందంటారు. ఆ రోజుల్లో నా చేత మాత్రం ట్రైలరు బండి చేయించింది. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా కొత్తగా చేరాను. ఒంగోలు నుంచి వచ్చినవాణ్ణి, పూరీ గేట్ దగ్గర ఒక గదిలో ఒక్కణ్ణే ఉండేవాణ్ణి. శనివారం దాకా సుత్తుల మోతలో మనుషుల లోటు తెలిసేది కాదు. ఆదివారం వచ్చిందంటే మాత్రం గోల్‌బజార్‌కు పోయి అక్కర్లేని బెండకాయలు బేరమాడేవాణ్ణి, ఎవరితోనైనా నాలుగు మాటలు మాట్లాడొచ్చని. (బెంగాలీ రాదు కనుక ఆ నాలుగూ అంకెలే.)

ఆ గండం నుంచి నన్ను గట్టెక్కించినవాడు బ్రేకుల తాత. ఆయనా తెలుగువాడే, మా వర్క్‌షాపులోనే బ్రేకుల పని చేసి రిటైరయ్యాడు. మామ్మ పోయాక ఆయనకు మిగిలింది ఒక రేకు పడవ. దాన్ని కాంసాయి నది ఒడ్డున టీకొట్టు పక్కన బోర్లించి ఉంచేవాడు. ఆదివారం చర్చి కాగానే ఫోను చేసేవాడు: "ఏటిరా గుంటడా, పడవ దింపాల, బేగి రా!" తాత, ఆయన తోడల్లుడు, టీకొట్టు నడిపే బెంగాలీ దాదా, నేను, నలుగురం కలిసి సిమెంటు వాలు మీదుగా మోసుకెళ్లి నీళ్లలో దింపేవాళ్లం. ఆ తరవాత చేపలు, వేపుడు, సాయంత్రం దాకా కబుర్లు. వారమంతా ఆ ఫోను కోసమే బతికేవాణ్ణి.

ఒకసారి మోస్తూ మోస్తూ తాత "నడుం ఇరిగిపోతందిరా" అన్నాడు. అంతే, నాలో లేని ఇంజనీరు మేల్కొన్నాడు. పాత టోటో (అక్కడి బ్యాటరీ రిక్షా) ఇరుసు ఒకటి సంపాదించాను. దాని మీద చట్రం, చట్రం మీద వరసగా రబ్బరు రోలర్లు, పడవ పక్కకు జారకుండా రెండు నిలువు గొట్టాలు, ముందు తాడు చుట్టే చేతి మర. నెల రోజులు, డ్యూటీ దిగాక ఇదే పని. తీరా ఆదివారం నాడు తాత ఒక్కడే మర వదిలితే పడవ మెత్తగా జారి నీళ్లలోకి దిగింది. తిరిగి చుడితే బుద్ధిగా ఎక్కి కూర్చుంది. "దారుణ్!" అన్నాడు దాదా. (బెంగాలీలో అది మెచ్చుకోలు. తెలుగు అర్థం నాకు మరుసటి ఆదివారం తెలిసింది.) మా షాపులో బాగుపడిన వ్యాగను మీద సుద్దతో 'ఓకే' అనీ, పాడైనదాని మీద 'సిక్' అనీ రాస్తారు. నేను చట్రం మీద ఇంత పొడుగు 'ఓకే' రాశాను.

తరవాతి ఆదివారం ఫోను రాలేదు. ఎందుకొస్తుంది? నలుగురి పని ఒక్కడే చేసుకునే ఏర్పాటు చేసిన మహానుభావుణ్ణి నేనే కదా! కూర్చున్న కొమ్మను నరుక్కున్నవాళ్లుంటారు గానీ, రంపానికి గ్రీజు కూడా పూసినవాణ్ణి నేనొక్కణ్ణే. పిలవకుండా వెళ్దామంటే మొహమాటం. ఆ వారం బెండకాయలు కొన్నాను. ఆ పై వారమూ కొన్నాను. వండుకున్నాక తినబుద్ధి కాక ఏడుపొచ్చింది, నిజం చెబుతున్నాను.

మూడో ఆదివారం తలుపు చప్పుడైంది. తాత!

"బండి సిక్కయిపోనాదిరా. పడవ మోయాల. తోడల్లుడికి సెప్పీసినాను, దాదా కూడా ఒస్తాడు."

నా పనితనం మీద మచ్చ పడిందని పరిగెత్తాను. వెళ్లి చూస్తే నా 'ఓకే' చెరిపేసి 'సిక్' అని రాసి ఉంది. రోలర్లు ఒక్కటీ లేవు. విరిగిపోలేదు, స్పానరు పెట్టి ఒద్దికగా విప్పారు. తాత చొక్కా జేబులో నట్లు గలగలమంటున్నాయి.

"బాగు చెయ్యనా తాతా?"

"ఒగ్గీరా" అన్నాడు తాత, నీళ్లకేసి చూస్తూ. "రెండు వారాలు ఒక్కడినే తిరిగినాను. సేపలు బాగానే పడినాయి. ఎవులికి సూపించాల?"

నేను వంగి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది బాగుపడే కేసు కాదు తాతా" అని తేల్చేశాను. నలుగురం పడవ ఎత్తాం. నడుం ఇరిగిపోతందని తాత నీళ్ల దాకా నన్నే తిట్టాడు.

తాత ఇప్పుడు లేడు. ఆ నట్లు నా పనిముట్ల పెట్టెలో ఉన్నాయి. బీరువాకు చక్రాలు పెట్టమని మా ఆవిడ ఏళ్ల తరబడి పోరుతోంది. నేను పెట్టను. జరపాల్సి వచ్చినప్పుడల్లా పక్కింటివాళ్లను కేకేస్తాను, వాళ్లొస్తారు, టీ తాగి ఓ గంట కూర్చుని వెళ్తారు. "ఇంత పెద్ద ఫిట్టరువి, నాలుగు చక్రాలు బిగించడం చేతకాదా?" అంటుంది ఆవిడ.

చేతనవును. అదే కదా నా భయం.