రాజమణక్క చెప్పిన ఐదిళ్లు

ఎల్బీ నగర్ సిగ్నల్ దగ్గర పక్క బండి మనిషి హెల్మెట్ బకిల్ ‘టక్’మని పెట్టుకున్నాడు. ఆ చప్పుడు వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అలాంటి బకిల్ ఉన్న బెల్టు కొనకుండా తొమ్మిది వందలు మిగిల్చిన మొనగాడిని నేను. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం గద్దె మీద పెరిగినవాడు అడిగిన ధర ఇచ్చాడంటే మా వాళ్లలో పిల్లనివ్వరు. పక్షవాతం వచ్చిన నాయినను లేపి నడిపించే నడుము బెల్టును పైసా ఖర్చు లేకుండా ఇంట్లోనే తయారుచేశాను. అంతటి తెలివి నాది.

కొనమన్నది రాజమణక్క. పెద్ద దవాఖానలో ఏళ్ల తరబడి రోగులను మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి కాళ్ల మీదికి తెచ్చిన మనిషి. అది మానేశాక వనస్థలిపురం నుంచి రోజూ బస్సులో వచ్చి, మా ఇల్లు కాక కాలనీలో ఇంకో ఐదిళ్లలో మంచం పట్టినవాళ్లను నడిపించేది. నాయినకు కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. ‘ఆ’ ఒక్కటే మిగిలింది. ఇంటి ముందు భాగంలోనే దుకాణం. మంచం నుంచి గల్లాపెట్టె దాకా పదహారు అడుగులు. మళ్లీ అక్కడ కూర్చోవాలన్నది ఒక్కటే ఆయన కోరిక; పొద్దున లేస్తే ఎడమ చెయ్యి అటే చూపించేది.

మొదటి రోజు నేను ఆయన కుడి చెయ్యి పట్టుకుని లేపబోతే రాజమణక్క నా చేతి మీద ఒక్కటి వేసింది.

“చెయ్యి గుంజకు సేటూ. పడ్డ పక్క భుజం జారితె మళ్ల ఎక్కదు. మనిషి బరువు నడుముల ఉంటది, ఆడ పట్టు.”

తన సంచిలోంచి వెడల్పాటి మందపు బెల్టు తీసింది. రెండు పక్కలా పట్టుకోవడానికి పిడులున్నాయి. చొక్కా మీద బిగించి, రెండు వేళ్లు దూరుతున్నాయా అని చూసి, పడిపోయిన వైపు ఆనుకుని నిలబడి మోకాళ్లు వంచింది. “బాపూ, మూడనంగనే లేస్తున్నం” అని ముందే చెప్పింది. నాయిన లేచాడు. ఆమె ఆయనను ఎత్తలేదు, ఆయనే లేచాడు.

“ఇంట్ల ఒకటి కొనిపెట్టుండ్రి. నేను లేనప్పుడు పనికొస్తది.”

“బట్టల దుకాణపోనికి గుడ్డ పట్టీ అమ్ముతరా అక్కా?” అని నవ్వాను. పోచంపల్లి పట్టుచీర అంచును నాలుగు మడతలు వేసి కుట్టించాను. కట్టడానికి మేము బట్టల బేళ్లకు వేసే ముడి ఉండనే ఉంది. ఆమె దాన్ని వేళ్ల మధ్య జరిపి చూసింది.

“మంచిగుంది. నీ పెండ్లిల కట్టుకో.”

“అసలు పట్టుదక్కా. ఏనుగును కట్టినా తెగదు.”

“తెగుతదని ఎవలన్నరు? జారుతది.”

తెలంగాణ ఉద్యమం రోజులవి. వారం తిరిగేసరికి ఒక బంద్. ఆ రోజూ షట్టర్ దించి ఉంది. రాజమణక్క ఫోన్ చేసింది. “బస్సుల్లేవు, నడిచొస్తున్న. నేనొచ్చేదాంక లేపకు.” గంటకు పైగా పడుతుంది. బేరమాడడానికి మనిషి దొరకని రోజు నాకు కాళ్లూ చేతులూ ఆగవు. నాయిన దుకాణం వైపు చెయ్యి చూపించాడు. పట్టు అంచు కట్టి లేపాను. రెండడుగులు వేశాడు. మూడో అడుగుకు మోకాలు మడతపడింది. పట్టు నున్నగా చొక్కా మీద పైకి జారి చంకల్లోకి వెళ్లింది. నా చేతిలో చీర అంచు మిగిలింది. నాయిన కింద పడ్డాడు.

చెమటలతో వచ్చిన రాజమణక్క నన్ను ఆయన మీద చెయ్యి వేయనివ్వలేదు. కదిలించకుండా అంబులెన్స్ పిలిపించింది. తుంటి ఎముక విరిగిందన్నారు. దవాఖాన వరండాలో మా చిన్నాయన అడిగాడు: “అన్నను పట్టుకున్నదెవరు?”

“రాజమణి” అన్నాను.

ఆమె అక్కడే మందుల చీటీ పట్టుకుని నిలబడి ఉంది. నాయిన “ఆ, ఆ” అంటూ ఎడమ చేత్తో స్ట్రెచర్ కమ్మీని బాదాడు. అందరూ నొప్పి అనుకున్నారు. ఆమె చీటీని నా చొక్కా జేబులో పెట్టి వెళ్లిపోయింది. చిన్నాయన నోరు ఊరుకునేది కాదు. వారంలో ఐదిళ్లూ ఆమెను రావద్దన్నాయి.

ఆపరేషన్ అయ్యాక నడిపించమన్నారు. ఆమె బదులు నేను పిలిచినవాళ్లు ఇద్దరు వచ్చి, చంకల్లో చేతులు వేసి మూట ఎత్తినట్టు ఎత్తబోతే నాయిన ఏడ్చాడు. వనస్థలిపురం వెళ్లాను. రాజమణక్క లోపలికి రమ్మనలేదు.

“ముసలాయన నాకేం జెయ్యలే. ఆయన కోసమొస్త. ముందుగాల ఐదిండ్లకు వొయి, పట్టుకున్నదెవరో చెప్పు.”

“ఫోన్ల చెప్తనక్కా.”

“నడిచిపో.”

“రెండిండ్లకు పోత. మిగిలినోళ్లకు ఆళ్లే చెప్పుకుంటరు.”

“నేనేమన్న చీరలమ్ముతున్ననా?”

ఐదూ అయ్యాయని నేను చెప్పాకే వచ్చింది. వస్తూనే నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, నా నడుముకు ఆ పట్టు అంచే కట్టి గుంజింది. అది పక్కటెముకలను గీరుకుంటూ పైకి పోయింది; నేను కుర్చీలోనే ఉన్నాను. తర్వాత తన బెల్టు ‘టక్’మని బిగించి లేపింది. “ఎర్కయిందా?” అంది. నాలుగు నెలలకు నాయిన వాకర్‌తో పదహారు అడుగులూ నడిచి గద్దె ఎక్కాడు. ఆ రోజు ఆయన నా వైపు చూడలేదు, ఆమె వైపు చూసి “ఆ” అన్నాడు.

ఇప్పుడు ఏ దవాఖానలోనైనా ముసలివాళ్లను రెక్క పట్టి గుంజేవాళ్లను చూస్తే అరుస్తాను. “ముక్కూ మొహం తెలియనివాళ్లతో కొట్లాటేంది?” అంటుంది మా ఆవిడ. ఆ అరుపు వాళ్ల మీద కాదని ఆమెకు తెలియదు.

అసలు లెక్క ఇది. నేను వెళ్లింది నాలుగిళ్లకే. ఐదో ఇంట్లో అప్పుడే నాకు పిల్లనిచ్చే మాట నడుస్తోంది. తండ్రిని పడేసి, తప్పు ఇంకొకరి మీదికి నెట్టినవాడికి ఎవరిస్తారు? గేటు దాకా వెళ్లి తిరిగొచ్చాను. మిగతా నాలుగిళ్లవాళ్లూ రాజమణక్కను మళ్లీ పిలిచారు. “ఐదో ఇంటోళ్లకు నిజం తెల్సినంక గూడ నన్నొద్దంటె, అది ఆళ్ల ఇష్టం” అంది ఆమె. ఆ ఇంటి ముసలమ్మ, అంతకుముందు రాజమణక్క తన నడుము పట్టుకుంటే గడప దాకా నడిచిన మనిషి, మళ్లీ మంచం దిగకుండానే పోయింది. ఆవిడ మా ఆవిడకు నాయనమ్మ.

నాకు మిగిలింది తొమ్మిది వందలు. ఇదంతా రాసిన ఈ కాగితాలు అచ్చుకు పంపేముందు మా ఆవిడ చేతికిస్తున్నాను.