వదిన నోట విన్న కొండ

పోయిన శుక్రవారం మా అమ్మాయి, అల్లుడు నన్ను మస్కట్ దగ్గర యీతి వైపు సముద్రపు కొండలు చూపించే టూరుకి తీసుకెళ్ళారు. ఎనిమిదిమందే ఉన్న చిన్న గుంపు, చల్లటి బండి, ఆ పైన పడవ, గైడు పిల్ల నోటి దగ్గర మైకు, మా అందరి చెవుల్లో తలా ఒక బొత్తాంలాంటి యంత్రం. ఆ అమ్మాయి ఇంగ్లీషులో ఎంతో ముచ్చటగా, లెక్కతప్పకుండా చెప్పుకుపోతోంది. పాపం ఆమె తప్పేమీ లేదు గాని, నల్లకొండ నిట్టనిలువుగా నీళ్ళలోకి దిగిన ఆ మలుపు రాగానే నేను చెవిలోది తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఆ కొండ సంగతి నేను ఇదివరకే మా వదిన నోట, మా గోదావరి తెలుగులో విన్నాను. ఇంకెవరు చెప్పినా నా చెవికెక్కదు.

నాతోబాటు ఆ రోజుల్లో ఇక్కడి ఆసుపత్రుల్లో డ్యూటీలు చేసినవాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు, మనకొచ్చిన అరబ్బీ అంతా మంచం పక్కన పనికొచ్చే అరబ్బీ. ఎక్కడ నొప్పి, నోరు తెరు, గట్టిగా ఊపిరి పీల్చు, భయపడకు. ఈ నాలుగు ముక్కలతో ఉద్యోగమంతా నెట్టుకొచ్చాను, పైగా ఇంగ్లీషు వచ్చునన్న టెక్కు ఒకటి. హమ్రియా పేటలో మా గది కిటికీ తీస్తే ఎదురుగా గడ్డిపోచైనా మొలవని నల్లకొండ ఉండేది. వేసవిలో పగలంతా కాగి, పొద్దుగూకాక ఆ సెగంతా మా మీదికే వదిలేది. దాన్ని తిట్టుకోని రోజు లేదు.

మా వదినంటే మా పెద్దన్నయ్య భార్య. అమ్మ పోయాక నన్ను పెంచిందీ, నర్సింగు స్కూలుకి వెళ్ళేనాడు నా ట్రంకుపెట్టె సర్దిందీ ఆవిడే. అన్నయ్యకి పక్షవాతం వచ్చాక, ఆయన్ని పెద్దకొడుక్కి అప్పజెప్పి ఆవిడా మస్కట్ వచ్చింది, ఒక అరబ్బుల ఇంట్లో వంటకీ, ఆ ఇంటి ముసలమ్మని కనిపెట్టుకుని ఉండడానికీ. నెలకో శుక్రవారం సెలవిస్తే నాతో చర్చికి వచ్చేది. మొదటిసారి వచ్చిన రోజున ఎవరో, మీ వదినగారు ఎక్కడ పనిచేస్తారని అడిగితే, అల్ ఖువైర్‌లో ఏదో ఆఫీసులోనండీ అనేశాను. ఎందుకన్నానంటే, సిగ్గేసింది, అంతే. అంతమంది నర్సుల మధ్య నా వదిన ఇంటిపని చేస్తుందని చెప్పుకోవడానికి నోరు రాలేదు. ఆవిడ పక్కనే ఉండి విన్నది. మరుసటి నెల ఇస్త్రీ చీర కట్టుకుని, చేతికి గడియారం పెట్టుకుని, అచ్చం ఆఫీసు మనిషిలాగే వచ్చింది. ఆ అబద్ధాన్ని మేమిద్దరం పదకొండేళ్ళు మోశాం.

అలాంటి ఒక శుక్రవారమే, మా వార్డు ఇన్‌చార్జి సిస్టరు కొండల టూరు పెట్టింది. ఆవిడ నెల్లూరు మనిషి, ఏదైనా గుచ్చి గుచ్చి అడిగే రకం. మనవాళ్ళ పిక్నిక్ అంటే రెండు బస్సులు, డేగిశాలకొద్దీ పులిహోర, చెవులు పగిలే పాటలు కదా. ఇదలా కాదు, ఆరుగురికే పడవ, కూడా ఒక గైడు. ఆరాధన ఎగ్గొడుతున్నామని పాస్టరుగారికి ముందే చెప్పుకుని, వదినని కూడా వెంటబెట్టుకుని బయల్దేరాం. తీరా ఒడ్డుకి చేరితే ఇంగ్లీషు వచ్చిన గైడుకి జ్వరమట, అతని బదులు మేనమామ వచ్చాడు. రాళ్ళని పరిశోధించే దొరల వెంట సంచులు మోస్తూ ఈ కొండలన్నీ తిరిగి, వాళ్ళు చెప్పుకునేది విని అంతా నేర్చుకున్న పెద్దాయన. చేపల బేరానికి సరిపడా హిందీ తప్ప మిగతాదంతా అరబ్బీయే. ఇన్‌చార్జి మొహం మాడిపోయింది. నాకేమైనా అరబ్బీ వచ్చేమోనని అందరూ నావైపు చూశారు. నేనేం చేయను, కొండని ఎక్కడ నొప్పి అని అడగనా?

పడవ మలుపు తిరిగింది. తుప్పు రంగు కలిసిన నల్లటి రాయి, మెడ విరిచి చూసినా కొస కనబడనంత ఎత్తున, నేరుగా నీళ్ళలోంచే లేచింది. దాని ఒంటి నిండా అడ్డంగా, ఏటవాలుగా తెల్లటి చారలు. కింద నీరేమో పచ్చగా, అడుగున రాయి కనబడేంత తేటగా ఉంది. పెద్దాయన ఇంజను ఆపేశాడు. కొండకేసి చెయ్యి చాపి, నెమ్మదిగా ఏదో చెప్పాడు. ఆయన ఆగగానే వెనక బల్లమీంచి మా వదిన గొంతు వినబడింది.

"ఇదంతా ఒకప్పుడు సముద్రం అడుగునుండేదంటమ్మా. దాని కిందింకా భూమి కడుపులో నిప్పంట, రాళ్ళు కూడా బెల్లప్పాకంలా కాగిపోయేయంట. అది చల్లారి గట్టిపడ్డాక, కిందనించెవరో తోసినట్టు ఇంత కొండా పైకి లేచొచ్చేసిందంట. మనం కొండని చూత్తన్నాం అనుకుంటన్నాం గానీ, సముద్రం అడుగుని తలెత్తి చూత్తన్నామంట."

ఆవిడ ఆయన్ని మళ్ళీ ఏదో అడిగింది, ఆయన నవ్వి జవాబిచ్చాడు, ఇద్దరూ ఎప్పటినుంచో ఇరుగూపొరుగూ అయినట్టు మాట్లాడుకున్నారు. రేవులాంటి చోట దిగినప్పుడు ఆయన సుత్తితో ఒక రాయి పగలగొడితే లోపలంతా ముదురు పచ్చ. హమ్రియా కొండలూ దీని తోడబుట్టినవేనట. అన్నేళ్ళూ నేను కిటికీలోంచి తిట్టింది సముద్రం అడుగునన్నమాట.

అప్పుడడిగింది ఇన్‌చార్జి, నవ్వుతూనే. "ఇంత అరబ్బీ ఏ ఆఫీసులో నేర్పిస్తారండీ, మేమూ వచ్చి చేరతాం!"

వదిన నావైపు ఒక్క క్షణం చూసింది. "మా ఆఫీసులో అందరూ ఆళ్ళేనండి," అని మొదలుపెట్టింది, నాకోసం, అప్పుడు కూడా. నేను తలెత్తి ఆ కొండని చూశాను. అంత పెద్దదాని ముందు నా సిగ్గు ఎంత అల్పంగా కనిపించిందో చెప్పలేను. "ఆఫీసు లేదు సిస్టర్," అన్నాను. "ఒకరింట్లో వంట చేస్తుంది, ముసలమ్మని చూసుకుంటుంది. ఆవిడతో మాట్లాడే ఇదంతా నేర్చుకుంది. నన్ను పెంచిన మనిషి. ఆఫీసని చెప్పింది నేను."

ఇన్‌చార్జి కొండకేసి చూపించి, "అయితే వదినగారూ, ఆ తెల్లచారలేంటో కాస్త ఆయన్ని అడగండి," అంది. వదిన కొంగుతో కళ్ళొత్తుకుని, అటు తిరిగి అడిగింది. రాయి పగుళ్ళలోకి దిగిన నీళ్ళు, కాలం గడిచేకొద్దీ అలా తెల్లగా పేరుకుపోయాయట. సాయంత్రం దాకా ఆవిడ చెబుతూనే ఉంది, మేం నోళ్ళు తెరుచుకుని వింటూనే ఉన్నాం.

తిరుగుదారిలో వదినని నా పక్కనే కూర్చోబెట్టుకుంటే, నన్ను చెడామడా తిట్టింది. "ఎందుకు చెప్పేవే పిచ్చిదానా? నేనేవన్నా బాధపడ్డానన్నానా నీతోటి? రేపు డూటీలో నిన్ను చులకన చేత్తే?" ఆవిడ బెంగంతా నా గురించే. నాకు ఏడుపాగలేదు.

వచ్చే నెల చర్చిలో అందరికీ నేనే స్వయంగా పరిచయం చేయాలనుకున్నాను. మూడు వారాలకే ఆ ఇంటి ముసలమ్మ పోయింది, ఇక పనిలేదని వాళ్ళు వీసా క్యాన్సిల్ చేశారు, ఇంకో సెలవు శుక్రవారం రాకుండానే వదిన ఇంటికెళ్ళిపోయింది. మళ్ళీ మస్కట్ రాలేదు. ఇప్పుడు ఆవిడే లేదు.

ఈ కాలం పిల్లలు చాలా నయం. ఇళ్ళల్లో పనిచేసే కడప పిల్లలు, గోదావరి పిల్లలు కొండల ముందు ఫొటోలు దిగి, ఏ ఇంట్లో ఏం పనో ఫోన్లలో దర్జాగా రాసి పెట్టుకుంటున్నారు, చూస్తే నాకు ముచ్చటేస్తుంది. మా వదిన పదకొండేళ్ళపాటు నెలకో శుక్రవారం నా పక్కన కూర్చుంది. ఆవిడెవరో నిజం చెప్పి పక్కన కూర్చోబెట్టుకున్నది మాత్రం ఆ ఒక్క పూటే.