"నువ్వే సూడన్నా"

జవళగేరలో మా వరికోత మిషను బాగుచేసే మెకానిక్కుకు ఒక అలవాటు ఉండేది. వేలు కూడా దూరని చోటికి అతనొక సన్నటి కడ్డీ పంపేవాడు. దాని కొసన చిన్న కెమెరా, చిలకముక్కులాంటి కొక్కెం ఉండేవి. లోపలి బొమ్మ ఫోనులో కనిపించేది. "నువ్వే సూడన్నా" అంటూ ఆ ఫోనును మిషను యజమానికే అందించేవాడు.

ఒకసారి కోతల మధ్యలో మా గేర్‌బాక్సులో గరగరమని చప్పుడు మొదలైంది. ఆకాశం నిండా మబ్బులు. ఇంకా సగం పొలం కోయాలి. అతను ఆయిల్ పోసే రంధ్రంలోంచి కడ్డీ దించి, ఫోను చూశాడు. తర్వాత నాన్నను పిలిచి ఫోను చేతిలో పెట్టాడు. పళ్ళచక్రాల పక్కన ఒక నట్టు పడి ఉంది.

"గిది నేను ఇడిసిందేనన్నా. పోయినేడు ఇప్పి బిగించినప్పుడు లోపలనే మర్సిపోయిన."

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు కదయ్యా!" అన్నాడు నాన్న.

"గందుకే సూపెట్టిన."

అతను నట్టును కొక్కెంతో పట్టి మెల్లగా పైకి లాగాడు. వాన మొదలయ్యేలోపు పొలమంతా కోశాం.

మరుసటి ఏడాది అతను మిషను విప్పేటప్పుడు నాన్న ఎప్పటిలా పక్కన నిలబడి చూడలేదు. తాళంచెవి అతని చేతికిచ్చి ఇంటికి వచ్చేశాడు.