పిన్నిగారి కుర్చీలు

“నా పక్కన వద్దు బాబూ, ఆ చివర కూర్చో. చెరో మూల ఉంటే గది నిండుగా కనబడుతుంది,” అన్నారు పిన్నిగారు నాతో, ఖాళీ కుర్చీల మీద తన గొడుగు, శాలువా, పోయిన భర్త టోపీ, ఇంటినుంచి తెచ్చిన సంచులు ఒక్కొక్కటే సర్దుతూ. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేసి రిటైరైన ఈవిడ, మా ఊళ్లోని ఓ అంతర్జాతీయ సంస్థ లైబ్రరీలో ప్రతి శుక్రవారం ఉపన్యాసమైనా సినిమా అయినా తలుపు తీయకముందే హాజరు. దోమల గురించి చెప్పినా, మంచుకొండల గురించి చెప్పినా పెళ్లిసంబంధం వింటున్నంత శ్రద్ధగా తలూపుతారు. ఇంటికెళ్తే ఆవిడ మాట వినేది గోడలే. జనం పలచబడితే ఇవన్నీ ఆపేస్తామని లైబ్రేరియన్ అన్నప్పటినుంచి ఈ కుర్చీల ఏర్పాటు మొదలైంది. “మాట్లాడే మనిషికి ఎదురుగా అంతా ఖాళీగా కనబడితే నోరెలా పెగులుతుంది చెప్పు?” అంటారు.

ఉపన్యాసం మొదలవబోతుండగా ఓ జంట గుమ్మంలోంచి లోపలికి తొంగిచూసింది. “కుర్చీలన్నీ ఎవరో ఆపుకున్నారండీ, పదండి,” అంది భార్య. ఇద్దరూ వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. పిన్నిగారి చెయ్యి శాలువా మడత మీదే ఆగిపోయింది. ఆ కుర్చీలకేసి చూసి, నావైపు తిరిగారు.

“పరిగెత్తు బాబూ, ఇంకా మెట్లు దిగుతూ ఉంటారు. చోటుందని చెప్పు. ఆ సామానెవరిదని అడిగితే, ఓ ముసలిదానిది, దాని తరఫువాళ్లెవరూ రారని చెప్పు.”