మోంతెల్లో గుట్ట దిగిన కుర్చీలు

మోంతెల్లో గుట్ట మీద పుట్టినవాళ్ళకి పిక్కలు గట్టివని రివాసోలా అనే రేవు ఊళ్ళో పేరు. ఎర్సీలియా అక్కడే పుట్టింది. పక్క సందులోని తూల్లియోని పెళ్ళాడి అక్కడే ఉండిపోయింది. కింద రేవు వీధి బడిలో వంటమనిషిగా చేరి, ముప్ఫై ఏళ్ళు పిల్లలకి పాస్తా ఉడకబెట్టి పెట్టి, జుట్టు నెరిశాక బయటికొచ్చింది. మనిషి పొట్టి, గొంతు పెద్దది. గరిటె పట్టుకుని "ఎవడ్రా అది, కూర వదిలేసింది?" అని ఒక్క కేక వేస్తే భోజనాల గది మొత్తం తల వంచుకునేది. కానీ ఆ గొంతు బడి గుమ్మం దాటి ఎరగదు. పేట సంఘం సమావేశాల్లో ఆమె చోటు వెనక బల్ల దగ్గర. ఫరినాతా అనే శనగపిండి రొట్టె ముక్కలు కోసి పళ్ళేల్లో పెట్టడం, అందరూ వెళ్ళాక కుర్చీలు సర్దడం. మాట్లాడే పని సంఘం అధ్యక్షుడు ఒరెస్తే మాస్టారిది. ఆయన బాగా మాట్లాడేవాడు, అంతకన్నా బాగా అర్జీలు రాసేవాడు.

గుట్ట పైకి బండ్లు వెళ్ళే దారి లేదు. ఎక్కాలంటే ఇటుకల మెట్లదారి ఉంది. అది వద్దనుకుంటే, కొండని తొలిచి తాతల కాలంలో కట్టిన లిఫ్టు ఉంది. లోపల రెండు చెక్క బెంచీలు, వెనక్కి చూస్తే ఒక మసక అద్దం. పొద్దున చేపలకి వెళ్ళే ఆడవాళ్ళూ, పేకాటకి వెళ్ళే మగవాళ్ళూ, బడికి వెళ్ళే పిల్లలూ అందులోనే కిందికి దిగేవాళ్ళు. ఆ ఏడాది ద్రాక్ష కోతలు అయిపోయిన వారంలో లిఫ్టు ఆగిపోయింది. తలుపు మీద కాగితం అంటించారు: తాత్కాలికంగా పనిచేయదు. ఆ కాగితం వానకి నాని ఊడిపోతే కొత్తది అంటించారు. లిఫ్టు మాత్రం కదల్లేదు.

కాళ్ళున్నవాళ్ళు తిట్టుకుంటూ మెట్లెక్కారు. కాళ్ళు లేనివాళ్ళు ఇళ్ళల్లో ఉండిపోయారు. ఎర్సీలియా పై అంతస్తులో ఉండే నోర్మా అలా ఉండిపోయినవాళ్ళలో ఒకతె. ఎనభై దాటిన మనిషి. ఒకప్పుడు ఊళ్ళో పెళ్ళి గౌన్లన్నీ ఆమె కుట్టినవే. తుంటికి ఆపరేషన్ జరిగినప్పటి నుంచి చదునైన నేల మీద కర్రతో నడవగలదు, ఒకరు పట్టుకుంటే ఇంటి మెట్లు దిగగలదు గానీ గుట్ట మెట్లు దిగలేదు. ఎర్సీలియా రోజూ ఆమెకి రొట్టె, పాలు, మందులు మోసుకొచ్చేది.

"ఒసే, ఈ టమాటాలు ఎవడు అంటగట్టాడే నీకు?" అనేది నోర్మా సంచీలో చెయ్యి పెట్టి.

"మీరే దిగొచ్చి ఏరుకోండక్కా, నాకేం?"

"దిగనియ్యి, వాడి పని చెప్తా."

క్రిస్మస్ ముందు వారంలో నోర్మా చెల్లెలు పాల్మీరా పోయింది. ఉండేది కింద చేపల బజారు వెనకే. లిఫ్టు నడిచే రోజుల్లో అక్కాచెల్లెళ్ళు ప్రతి ఆదివారం కలుసుకుని కాఫీ తాగుతూ పోట్లాడుకునేవాళ్ళు. అంత్యక్రియల రోజు నోర్మా నల్ల గౌను వేసుకుని, టోపీ పెట్టుకుని, తలుపు దగ్గర కుర్చీలో కూర్చుంది. ఒరెస్తే మాస్టారు పొద్దున్నుంచి ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. అంబులెన్స్ వాళ్ళు తమ పని రోగుల కోసమేనన్నారు. నగరసభ ఆఫీసులో ఫోను ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి తిరిగి తిరిగి ఆగిపోయింది.

కింద గంటలు మొదలయ్యాయి. ఎర్సీలియా నోర్మాని చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. అక్కడి నుంచి రేవంతా కనిపిస్తుంది. శవపేటిక ఉన్న నల్ల కారు సముద్రం పక్క రోడ్డు మీద మెల్లగా వెళ్ళి, మలుపు తిరిగి కనబడకుండా పోయింది. నోర్మా ఏడవలేదు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"దాని మొహం చూడలేదు కదే," అంది. "ఇక్కడే ఉన్నాను. ఇంత దగ్గరున్నాను."

ఎర్సీలియా మెట్లు దిగి తన వంటింట్లోకి వచ్చి, ఉల్లిపాయ తరగడం మొదలుపెట్టి, సగంలో కత్తి పక్కన పెట్టేసింది.

"ఏవయ్యా," అంది మొగుడితో. "మీ సిలువ ఎంత బరువుంటుంది?"

తూల్లియో పత్రికలోంచి తలెత్తాడు. మోంతెల్లో గుడి భక్త సమాజంలో సిలువ మోసే మొనగాడతను. పండగ ఊరేగింపులో నడుముకి తోలుపట్టీ బిగించి, మనిషికి రెండింతల ఎత్తున్న సిలువని దానిలో నిలబెట్టి, చేతులు వదిలేసి మెట్లు దిగుతాడు. వెనక నలుగురైదుగురు తోటివాళ్ళు అదను చూసి మారతారు. వయసు మీద పడినా ఆ ముచ్చట వదల్లేదు.

"నోర్మా రెండు పెట్టు. ఎందుకూ?"

"అంటే నోర్మా అందులో సగమేగా. కుర్చీలో పెట్టి దింపలేరా?"

తూల్లియో పకపకా నవ్వాడు. "క్రీస్తుని మోసే భుజాల మీద ఆ ముసలి గయ్యాళిని మొయ్యాలా? క్రీస్తు నోరెత్తడు, తెలుసా? అదే ఆవిడైతే దారి పొడుగునా నన్ను తిడుతుంది."

"తిడితే తిట్టనీ. ఈ రోజు నువ్వు ఆ కిటికీ దగ్గర లేవు," అంది ఎర్సీలియా. ఆ గొంతు విని తూల్లియో పత్రిక మడిచి పక్కన పెట్టాడు.

ఆ వారం సంఘం సమావేశంలో ఒరెస్తే మాస్టారు కొత్త అర్జీ చదివాడు. చాలా మర్యాదగా ఉంది. అందరూ చప్పట్లు కొట్టబోతుంటే వెనక బల్ల దగ్గర ఎర్సీలియా చేతిలో కత్తితో నిలబడింది.

"మాస్టారూ, ఒక మాట."

అందరూ వెనక్కి తిరిగారు. ఆమె కత్తి కింద పెట్టి బల్ల అంచు పట్టుకుంది.

"మనం రాస్తున్నాం, వాళ్ళు దాస్తున్నారు. కాగితం దిగింది గానీ మనిషి దిగలేదు. జనవరిలో నగరసభ కూర్చుంటుందిగా. దిగలేనివాళ్ళందర్నీ అక్కడికి దింపుదాం. కుర్చీల్లో. మోసుకుని."

గదిలో గోల లేచింది. ఎవరో "నన్ను కూడా మొయ్యండి, నాకూ మోకాలు నొప్పే!" అని అరిచారు. ఒరెస్తే మాస్టారు కళ్ళద్దాలు తీశాడు.

"ఎర్సీలియమ్మా, నీ మనసు మంచిదే. కానీ తడి మెట్లు. ఒక్కరు పడితే? తుంటి విరిగితే జవాబెవరు చెప్తారు?"

ఆయన అడిగింది న్యాయమే. ఎర్సీలియాకి ఆ రాత్రంతా అదే ఆలోచన. తెల్లారగానే తన వంటింటి కుర్చీ ఒకటి గుడి ముందుకి మోసుకెళ్ళింది. తూల్లియో, అతని తోటివాళ్ళు కుర్చీ కాళ్ళకి రెండు పొడుగాటి కర్రలు బిగించి, భుజాలకి ఊరేగింపు పట్టీలు తగిలించారు.

"ఇసక బస్తా పెట్టి చూద్దాం," అన్నాడు తూల్లియో.

"బస్తా ఎందుకు? నేనున్నాగా," అని ఆమె కుర్చీలో కూర్చుంది. "పడితే నా ఎముకలే విరుగుతాయి. మాస్టారూ, మీరు పక్కనే నడిచి చూడండి."

మొదటిసారి మలుపులో కుర్చీ ఒరిగింది. ఎర్సీలియా కళ్ళు మూసుకుని మడోన్నా పేరు తలుచుకుంది గానీ కేక వెయ్యలేదు. ముందు వెళ్ళేవాడు పొట్టి, వెనకవాడు పొడుగు, అదే తప్పు. మర్నాడు మార్చారు. ఆపైన కూర్చున్న మనిషి జారకుండా నడుముకి గట్టి గుడ్డ కట్టారు. వారం తిరిగేసరికి ఆమె ఒళ్ళో నీళ్ళ గిన్నె పెట్టుకుని కిందిదాకా దిగింది. నీళ్ళు కొంచెం తొణికాయి, అంతే. ఒరెస్తే మాస్టారు తడిసిన ఆమె గౌను చూసి, "సరేనమ్మా," అన్నాడు. "మెట్లు తుడిపించే పని నేను చూస్తాను."

నగరసభ రోజు ఎండ కాసింది. కుర్చీలు ఒకదాని వెనక ఒకటి దిగాయి. సందుల్లో జనం కిటికీలు తెరిచి చూశారు. అన్నిటికంటే ముందు నోర్మా, నల్ల గౌనుతో, టోపీతో.

"ఒరే తూల్లియో, మెల్లగా! నేనేమన్నా బంగాళాదుంపల బస్తానా?"

"బస్తా అయితే నోరు మూసుకుని ఉండేదమ్మా."

"నీ పెళ్ళానికి గౌను కుట్టింది నేను. నడుం దగ్గర పిగిల్చి ఇచ్చుంటే తెలిసేది నీకు."

మోసేవాళ్ళందరూ నవ్వడంతో కుర్చీ ఊగింది. "నవ్వకండ్రా, నవ్వకండి!" అని అరిచింది ఎర్సీలియా పక్కనే దిగుతూ. కిందికి చేరేదాకా ఎవరూ పడలేదు.

నగరసభ హాల్లో కుర్చీలన్నీ వరసగా దించారు. రవాణా వ్యవహారాలు చూసే సభ్యురాలు లవీనియా కానేపా లేచింది. నలభై ఏళ్ళుంటాయి, మంచి మాటకారి.

"మీ బాధ నాకు తెలుసు. మోటారుకి ఒక భాగం రావాలి. మార్చి నాటికి పరిస్థితిని పరిశీలిస్తాం."

ఎర్సీలియా నిలబడింది. "పరిశీలించడమంటే ఏంటి మేడమ్? బాగుచేస్తారా, చూసి వెళ్తారా?"

"అంటే… తగిన సమయంలో…"

"బడిలో పాస్తా ఉడికిందా అంటే పరిశీలిస్తానని చెప్పుంటే, పిల్లలు నన్ను ఉడకబెట్టేవాళ్ళు."

హాలు ఘొల్లుమంది. సభాధ్యక్షుడు గంట కొట్టాడు. "మీ విజ్ఞప్తి నమోదైంది. ఇక మీరు వెళ్ళచ్చు."

"ఎలా?" అంది ఎర్సీలియా.

"ఎలా అంటే?"

"ఎలా వెళ్ళాలి? మావాళ్ళు దింపుతామన్నారు, దింపారు. ఎక్కించే పని మీది."

తూల్లియో భుజం మీంచి పట్టీ తీసి, చుట్ట చుట్టి జేబులో పెట్టుకున్నాడు. మిగతావాళ్ళూ అదే చేశారు. ఒరెస్తే మాస్టారు ఉలిక్కిపడ్డాడు. ఈ సంగతి ఎర్సీలియాకీ, మోసేవాళ్ళకీ, కుర్చీల్లో ఉన్నవాళ్ళకీ తప్ప ఎవరికీ తెలియదు. ముందే చెబితే మాస్టారు అర్జీ రాస్తానంటాడని ఆమె భయం.

సభాధ్యక్షుడు బతిమాలాడు, తర్వాత గద్దించాడు. నోర్మా సంచీలోంచి ఊలు తీసి అల్లడం మొదలుపెట్టింది. ఎర్సీలియా తెచ్చిన గుడ్డ మూట విప్పి, ఆకుకూర కూరి కాల్చిన తోర్తా ముక్కలు పంచింది. వాకిట్లో నిలబడ్డ బంట్రోతుకీ ఒకటి ఇచ్చింది. అతను అటూ ఇటూ చూసి తినేశాడు. సభ వేరే విషయాలకి వెళ్ళాలని చూసింది గానీ, ఆ ముసలివాళ్ళ ముందు వీధి దీపాల గురించి మాట్లాడటం ఎవరి వల్లా కాలేదు. పొద్దు వాలే వేళకి లవీనియా స్వయంగా అగ్నిమాపక దళానికి ఫోను చేసి, కుర్చీలు పైకి మొయ్యడానికి మనుషుల్ని రప్పించింది.

"మీరు కూడా రావాలి మేడమ్," అంది ఎర్సీలియా.

"నేనా?"

"మెట్లు మీరు ఎప్పుడైనా ఎక్కారా?"

లవీనియా ఎత్తుమడమల చెప్పులు విప్పి చేతిలో పట్టుకుంది. నోర్మా తన టోపీ ఆమె రెండో చేతికిచ్చింది. కుర్చీల వెనకే ఎక్కుతూ సగం దారిలో లవీనియా గోడకి చేరగిలబడింది, మొహం ఎర్రగా కందిపోయింది.

"కూర్చుంటావా అమ్మా, నా ఒళ్ళో?" అంది నోర్మా కుర్చీలోంచి.

పైకి చేరాక ఎర్సీలియా లవీనియాని తన వంటింట్లో కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. ఆమె గ్లాసు ఖాళీ చేసి, చేతిలో టోపీ చూసి, నోర్మా ఎవరికోసం నలుపు వేసుకుందని అడిగింది. ఎర్సీలియా పాల్మీరా సంగతి చెప్పింది. కిటికీ, గంటలు, నల్ల కారు, అన్నీ. లవీనియా ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టింది.

"ఆ భాగం వచ్చి నెల దాటింది," అంది. "బిగించే బాధ్యత మాదా, లిఫ్టు నడిపే సంస్థదా అని తగువు. గోదాములో పడి ఉంది."

ఎర్సీలియాకి బల్ల మీదున్నది ఎత్తి విసరాలనిపించింది. విసరలేదు. "తగువు ఇక్కడికి తీసుకురండి," అంది. "ఇద్దర్నీ. మెట్లెక్కి రమ్మనండి. భోజనం నేను పెడతాను."

నగరసభ మనిషీ, లిఫ్టు సంస్థ మనిషీ వచ్చారు. గుడి ముందు బల్ల వేసి కూర్చోబెట్టారు. ఒరెస్తే మాస్టారు రాసిన మర్యాదైన అర్జీలూ, వాటికొచ్చిన జవాబులూ అన్నీ ఆ రోజు పనికొచ్చాయి. ఏ ఆఫీసు ఎప్పుడు ఏమని తప్పించుకుందో ఆయన ఒక్కొక్కటీ చదివి వినిపిస్తుంటే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈస్టర్ ముందే లిఫ్టు కదిలింది. మొదటి రోజు నోర్మా బంతిపూలు పట్టుకుని స్మశానానికి వెళ్ళింది. ఎర్సీలియా గేటు దగ్గరే ఆగింది. లోపల నోర్మా చెల్లెలితో గట్టిగా ఏదో వాదించడం వినిపిస్తూనే ఉంది.

ఆ వేసవిలో మాస్టారు అధ్యక్ష పదవి వదిలి ఎర్సీలియా పేరు చెప్పాడు. ఆమె వద్దంది. అందరూ చేతులెత్తారు. "ఫరినాతా ఎవరు చేస్తారు మరి?" అని తూల్లియో అడిగితే, "నువ్వు," అంది. అతను చేసిన మొదటిది మాడిపోయింది, అయినా జనం తిన్నారు.

లిఫ్టు సాయంత్రం ఎనిమిదికే ఆపేస్తున్నారు. ఆసుపత్రిలో నేల తుడిచే ఆడవాళ్ళు అంతకన్నా ఆలస్యంగా ఇళ్ళకి వస్తారు, పనికెళ్ళి అలిసిన కాళ్ళతో మెట్లెక్కుతారు. లవీనియాతో మాట్లాడితే శనివారాలు మాత్రం వేళ పెంచారు. మిగతా రోజుల సంగతి బడ్జెట్ అయ్యాక చూద్దామంది.

"చూద్దామంటే?" అంది ఎర్సీలియా ఫోనులో.

అవతల లవీనియా నిట్టూర్చింది. "గురువారం నేనే పైకి వస్తాను. మెట్ల మీదుగానా?"

"ఎనిమిది దాటాక రండి మేడమ్. ఆ ఆడవాళ్ళూ అప్పుడే వస్తారు, కలిసి ఎక్కుదురుగాని," అని ఫోను పెట్టేసి, గురువారం సంగతి ఆ ఆడవాళ్ళకి చెప్పడానికి ఆమె ఆసుపత్రి వైపు బయల్దేరింది.