టీవీ జంట పెళ్ళికి ఆంటీ మొక్కిన వ్రతం

ఆ రోజుల్లో నాకు ఆకలి తప్ప వేరే ఆశయం ఉండేది కాదు. కెనడాలోని హామిల్టన్‌లో మాస్టర్స్ చదువుతూ, రిటైరైన ఒక డాక్టర్ ఆంటీ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండేవాణ్ణి. పైన ఆవిడ ఇంగువ పోపు వేస్తే కింద నాకు చదువు సాగేది కాదు. అందుకే సాయంత్రం ఆరున్నరకు "సీరియల్ టైమైంది, రారా అబ్బాయ్" అని పిలవగానే, మర్నాడు పరీక్ష ఉన్నా వెళ్ళిపోయేవాణ్ణి (ఆ పిలుపు వెనకాల తప్పకుండా ఒక ప్లేటు ఉండేది). అది పాత ఇంగ్లీషు కామెడీ సీరియల్. అందులో ఒక జంట ఈ వారం ప్రేమించుకుని, పై వారం పోట్లాడుకుని, ఆ పై వారం మళ్ళీ కలిసిపోయేవారు. అది మొదటిసారి వచ్చినప్పుడు ఆంటీ హాస్పిటల్ డ్యూటీల్లో పడి చూడలేదట. ఇప్పుడు ఆ కసి తీర్చుకుంటున్నారు.

ఆవిడకి అది ఉత్త కాలక్షేపం కాదని నాకు ఆలస్యంగా తెలిసింది. టొరంటోలో ఉద్యోగం చేసే వాళ్ళమ్మాయి కూడా నాలుగేళ్ళుగా ఒక కెనడియన్ అబ్బాయితో ఇదే వరస. ఓ నెల కలిసే ఉన్నామంటుంది, మరో నెల వద్దనుకున్నామంటుంది. గట్టిగా అడిగితే "మామ్, ప్లీజ్" అని ఫోన్ పెట్టేస్తుంది. కూతుర్ని అడగలేని ప్రశ్నలన్నీ ఆంటీ టీవీని అడిగేవారు. చివరికి ఆ టీవీ జంటకి పెళ్ళయితే తన కూతురికీ అవుతుందని శకునం పెట్టుకుని, ఆ ఎపిసోడ్ వచ్చిన రోజునే సత్యనారాయణ వ్రతం చేస్తానని మొక్కేసుకున్నారు (ఏళ్ళ తరబడి స్టెతస్కోపు పట్టిన మనిషి!).

"నువ్వంతా చూసేశావు కదరా. పెళ్ళెప్పుడో చెప్పు, ఏర్పాట్లు చేసుకోవాలి" అన్నారో రోజు.

నిజానికి ఆ పెళ్ళి రావడానికి ఇంకా నాలుగు నెలలుంది. ఆలోపు నేను చదువులో భాగంగా చేసే కో-ఆప్ ఉద్యోగానికి కనాటా అనే ఊరు వెళ్ళిపోతాను. వ్రతం భోజనం నాకు దక్కదు. పులిహోర, గారెలు, పాయసం వరసగా కళ్ళ ముందు కదిలాయి. శుక్రవారం ఎపిసోడ్‌లో హీరో ఉంగరం ఇస్తాడని గుర్తు. దాన్నే పెళ్ళి కింద సర్దేయొచ్చనుకుని "ఈ శుక్రవారమే ఆంటీ" అనేశాను.

ఆంటీ కూతుర్ని రమ్మన్నారు. ఆ అబ్బాయికి విడిగా ఫోన్ చేసి మరీ పిలిచారు. శుక్రవారం పీట మీద కలశం పెట్టి, పట్టుచీర కట్టుకుని, సీరియల్ అవగానే పూజ అంటూ అందర్నీ టీవీ ముందు కూర్చోబెట్టారు. ఉంగరం రాలేదు. నేను సీజన్ పొరబడ్డాను. హీరోయిన్ గట్టిగా అరిచి, హీరోని బయటికి నెట్టి తలుపేసుకుంది. టీవీలో జనం పగలబడి నవ్వారు. మా గదిలో ఎవరూ నవ్వలేదు.

"ఇవాళ పెళ్ళన్నావు కదరా?" అన్నారు ఆంటీ, నా వైపు తిరిగి.

"భోజనం కోసం చెప్పానాంటీ" అన్నాను. అంతకన్నా మంచి జవాబు తట్టలేదు.

ఆవిడ కళ్ళలో నీళ్ళు చూసి కూతురు పక్కకొచ్చి కూర్చుంది. "మామ్, మేం క్రిస్మస్‌కి ముందే బ్రేకప్ అయ్యాం. దిస్ టైమ్ ఫర్ రియల్."

"మరి ఈ అబ్బాయి ఎందుకొచ్చాడే?"

"నువ్వు పిలిచావు. నో చెప్పలేకపోయాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"రోజూ ఫోన్‌లో ఈ షో గురించి ఎంత హ్యాపీగా చెప్తావో నీకు తెలుసా? ఐ కుడెంట్, మామ్."

ఆంటీ లేచి దీపం వెలిగించారు. మొదలుపెట్టిన వ్రతం మానకూడదని పూజ అంతా చేసి, ముందుగా ఆ అబ్బాయికే వడ్డించి "ఈట్, బాబూ" అన్నారు. అతను తలొంచుకుని రెండు ముద్దలు తిన్నాడు. వాళ్ళమ్మాయి అదీ తినలేదు. నేను మాత్రం పులిహోర మూడుసార్లు వేయించుకున్నాను.

నా అబద్ధాన్ని ఆంటీ ఆ వారమే క్షమించేశారు. ఆనాటి కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నాకూ నవ్వే వస్తుంది. కానీ మూడోసారి "ఇంకొంచెం ఆంటీ" అని ప్లేటు చాపినప్పుడు, వడ్డిస్తున్న ఆవిడ ముఖం వైపు ఒక్కసారైనా తలెత్తి చూడలేదు.