ఫిలోమినా చూసిన పడవ

చేపలమ్మే ఫిలోమినా గురించి మా ఫరంపేటలో ఒక మాట తిరుగుతోంది. కుర్రాళ్ళు పెట్టిన బొమ్మల ప్రదర్శనలో ఆమె, దరియాలతిప్పలో పడవ మీద చేపల వేటకెళ్ళే అప్పారావు చెయ్యీ చెయ్యీ పట్టుకుని నిలబడ్డ బొమ్మ ఉందని. అది అబద్ధం. చూడకుండా చెప్పేవాళ్ళ సంగతి నాకు తెలియదు, నేను వెళ్ళి చూశాను. ఆ బొమ్మలో ఎవరూ ఎవరి చెయ్యీ పట్టుకోలేదు.

ప్రదర్శన పెట్టింది మా పక్కింటి సరోజిని కూతురు హారిక, దానితోపాటు పాండిచ్చేరిలో బొమ్మల చదువు చదివిన స్నేహితులు. మూఢం వచ్చి పెళ్ళిళ్ళు లేవు కాబట్టి కల్యాణ మండపం చవగ్గా దొరికింది. గుమ్మం మీద ‘ఈ కాలపు వలపు’ అని రాసిపెట్టారు. లోపలి బొమ్మల్లో, డాబా ఎక్కి ఫోను పైకెత్తి సిగ్నల్ వెతుక్కునే అబ్బాయి ఉన్నాడు. రొయ్యల చెరువు గట్టున ఒంటరిగా కూర్చుని వెన్నెల చూస్తున్న కాపలావాడు ఉన్నాడు. ఉన్న ఒక్క హెల్మెట్‌నీ నువ్వు పెట్టుకో అంటే నువ్వు పెట్టుకో అని బండి దగ్గర వాదులాడుకుంటున్న మొగుడూ పెళ్ళాం ఉన్నారు. ఆ హెల్మెట్ బొమ్మ దగ్గర నేను చాలాసేపు నిలబడ్డాను.

ఫిలోమినా బొమ్మ వేదిక పక్క గోడకు ఉంది. నీలం చీర, కాళ్ళ దగ్గర ఖాళీ బేసిన్. రేవులో నిలబడి నొసటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గోదావరిలోకి చూస్తోంది. దూరంగా ఒక పడవ, అందులో చింతగింజంత మనిషి. వెనక బేసిన్లతో ఇంకొందరు ఆడవాళ్ళు. అంతే.

ఫిలోమినా పుట్టిల్లు దరియాలతిప్ప. మా వీధి చివరింటికి కోడలుగా వచ్చింది. భర్త కామెర్లతో పోయాక బేసిన్ నెత్తికెత్తుకుంది. తెల్లవారుతుండగానే ఆటోలో రేవుకు వెళ్ళి, వేలంపాటలో చేప కొని, ఎండెక్కేలోపు మా వీధిలోకి వస్తుంది. మన గుమ్మం ముందే కూర్చుని శుభ్రం చేసి ఇస్తుంది, ఒక్క పొలుసు కూడా మిగల్చకుండా కడిగి మరీ వెళుతుంది. మరీ గీసిగీసి బేరమాడినవాళ్ళకు మాత్రం చేపను చేపలాగే ఇచ్చేసి కత్తిపీట ఎత్తుకుని వెళ్ళిపోతుంది. ఆదివారం చర్చిలో పూజ అయ్యాకే బేసిన్ ముట్టుకుంటుంది. ఆలోపు కోడిమాంసం కొట్టు వైపు వెళ్ళినవాళ్ళను సోమవారం పేరు పెట్టి పలకరిస్తుంది.

వీధిలో తిరిగే మాట ఆమె మరిది జేవియర్ చెవిన పడింది. ఇద్దరిదీ ఒకే ఇల్లు, మధ్యలో గోడ.

“ఆ బొమ్మ తీయించెయ్యి వదినా. లేదంటే రేవు మానెయ్యి, సరుకు నేను తెచ్చి పడేస్తాను” అన్నాడు.

జేవియర్ ఆటో నడుపుతాడు. చేప మొప్ప ఎత్తి చూడడం కూడా రాదు. అతను తెచ్చే సరుకుతో ఈమె వ్యాపారం నాలుగు రోజులు కూడా నిలవదు. హారికేమో, ఫిలోమినా ఒక్కమాట అంటే అప్పుడే బొమ్మ దింపేస్తానంది. ఫిలోమినా తీయమనీ అనలేదు, ఉంచమనీ అనలేదు.

జేవియర్‌కు నచ్చజెప్పాలంటే రేవులో ఏం జరుగుతుందో ముందు నాకు తెలియాలి. మర్నాడు ఆమెతోపాటు నేనూ ఆటో ఎక్కాను.

“మీకెందుకండీ మామ్మగారూ ఆ బురద?” అంది.

“బతికున్న పండుగప్ప చేపను చూద్దామనే.”

“ఆయ్, చూడండి. మీరడిగే ప్రశ్నలకి అదే నోరెళ్ళబెడద్ది.”

రేవులో ఆడవాళ్ళంతా నొసటికి చేతులు పెట్టుకునే ఉన్నారు. అందరిలోకీ పెద్దది తెరేసా. ఎందుకలా చూస్తారని ఆమెను అడిగాను.

“పడవ నీళ్ళలోకి దిగబడి వత్తే సరుకున్నట్టండి. పైకి తేలుతా వత్తే ఖాళీ. దిగబడింది చూసుకుని ముందే దాని దగ్గరికి పోవాలండి, లేపోతే పాటలో మనకేం మిగలదు” అంది.

నాకు కావలసింది దొరికింది. తిరిగి వస్తూనే ఆటోస్టాండులో జేవియర్‌ను పట్టుకున్నాను.

“ఒరేయ్, మీ వదిన చూసింది మనిషిని కాదురా, పడవ ఎంత మునిగిందో చూసింది. రేవులో అందరూ అలాగే చూస్తారు. రా, ఆ బొమ్మలోనే చూపిస్తాను.”

కల్యాణ మండపంలో అతన్ని బొమ్మ ముందు నిలబెట్టి పడవ వైపు వేలు చాపాను. చాపాక చూశాను. ఆ పడవ నీళ్ళ మీద తేలుతోంది. కింద నీలం రంగు వేసిన చెక్కంతా పైకి కనబడుతోంది. సరుకుతో దిగబడిన పడవ, మొదటిసారి నేను గమనించనిది, బొమ్మలో ఇంకో అంచున ఉంది. మిగతా ఆడవాళ్ళందరూ అటే వెళుతున్నారు. ఫిలోమినా ఒక్కతే ఈ తేలే పడవ వైపు తిరిగి ఉంది.

“ఈ పడవ నువ్వు ఊహించి వేశావా?” అని హారికను అడిగాను.

“లేదు మామ్మా. ఫోన్లో తీసిన ఫొటో చూసి వేశాను. ఏదీ మార్చలేదు.”

జేవియర్ మెడ సాచి చూశాడు. “పడవనే చూత్తుందిలెండి. సరే, రేవుకి వెళ్ళమనండి” అని ఆటో బేరానికి వెళ్ళిపోయాడు. చాపిన వేలు నేను వెనక్కి తీసుకున్నాను.

మర్నాడు ఫిలోమినా మా గుమ్మంలో కూర్చుని చేప గీరుతుంటే, జేవియర్ అన్న మాట చెప్పి, నేను బొమ్మలో చూసిందీ చెప్పాను. తరవాత సూటిగానే అడిగాను.

“ఖాళీగా వచ్చే పడవ కోసం నిలబడ్డావెందుకే?”

ఆమె చేప ముక్కలు గిన్నెలో వేసింది. కత్తిపీట కడిగి పక్కన పెట్టింది.

“బొమ్మ ఉంచమనండి మామ్మగారూ. జేవియర్‌కి నేనే చెప్పుకుంటాను, మీరు ఎవరికి చెప్పుకున్నా నాకేం భయం లేదు. సరుకు పడ్డ రోజు అప్పారావు గారికి తలెత్తే తీరికుండదండి. వల్లో ఏమీ పడని రోజే నాతో నాలుగు మాటలాడతారు.”